హోప్ టౌన్ రేవు: నిద్రలోనున్న ద్వేషం

అండమాను దీవులలో, పోర్ట్ బ్లెయిర్ ఓడరేవుకు ఉత్తరపు ఒడ్డున, ఒక కొండ పాదాన హోప్ టౌన్ అనే చిన్న ఊరు ఉన్నది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చారు. హోప్ టౌన్ వెనుకనున్న కొండ పేరు కూడా మారింది. చాలాకాలం మౌంట్ హారియట్ అని పిలిచిన ఆ కొండను, 1891 యుద్ధానంతరం అండమానుకు ప్రవాసం పంపబడిన మణిపురీయుల స్మృత్యర్థం, 2021 నుండి మౌంట్ మణిపూర్ అంటున్నారు. తెలుగువారికి ఈ దీవులు పరాయివి కావు. 2011 జనగణనలో అక్కడి జనాభాలో నూటికి సుమారు పదమూడుగురు తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకొన్నారు. ఉత్తరాంధ్ర తీరం నుండి బ్రతుకుతెరువుకై వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం. అయితే 1872లో హోప్ టౌన్ ఒడ్డున నివసించినవారు బ్రతుకుతెరువు వెదకుకొంటూ వచ్చినవారు కారు. వారు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడిన ఖైదీలు.

ఆ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన భారతదేశపు వైస్రాయి లార్డ్ మేయో ఖైదీల వలసను పరిశీలించడానికి ఓడలో వచ్చాడు. పగలంతా రాస్, వైపర్, చాతం దీవులను చూశాడు. జ్వరపీడితులకు ఆరోగ్యకేంద్రం నెలకొల్పడానికి మౌంట్ హారియట్ అనువుగా ఉంటుందేమో చూడాలని సాయంకాలం హోప్ టౌన్ వైపు దాటి, కొండ ఎక్కి, శిఖరం మీద సూర్యాస్తమయం చూచి దిగాడు. దిగేసరికి చీకటి పడింది. కాగడాల వెలుతురులో, ముందూ వెనుకా సాయుధ రక్షకులతో రేవు చేరి, పడవ ఎక్కబోతూ మెట్ల వైపు ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ క్షణంలో వెనుకనుండి ఒక మనిషి మీదికి దూకి వీపులో రెండుసార్లు కత్తితో పొడిచాడు. ఓడకు చేర్చేసరికి వైస్రాయి ప్రాణం పోయింది.

పొడిచినవాడు షేర్ అలీ అఫ్రీదీ. ఖైబర్ కనుమ ప్రాంతపు పఠాను. ఒకప్పుడు పేషావరు కమిషనరు వద్ద అశ్వికభటుడుగా పనిచేసి మెప్పు పొందినవాడు. వంశపారంపర్యంగా వస్తున్న పగలో ఒక బంధువును చంపాడన్న నేరంపై 1867లో అతనికి మరణశిక్ష పడి, తరువాత అది ద్వీపాంతరవాసంగా మారింది. అండమానులో అతని నడవడిలో అధికారులకు తప్పేమీ కనిపించలేదు. సత్ప్రవర్తన గల ఖైదీలకు కొంత స్వేచ్ఛ నిచ్చే పద్ధతి ప్రకారం అతనిని హోప్ టౌన్‌లో తోటి ఖైదీలకు క్షురకుడుగా ఉండనిచ్చారు. ప్రతిదినం మంగలికత్తి చేతబట్టి ఇతరుల గొంతుల మీద నడిపిన ఆ చేయి ఎన్నడూ ఎవరికీ హాని చేసినట్లు నమోదు లేదు. 1872 మార్చి 11న వైపర్ దీవిలో అతనిని ఉరితీశారు.

మేయో జీవితచరిత్రను 1875లో ప్రకటించిన విలియం విల్సన్ హంటర్ కథనం ప్రకారం, తన కుల శత్రువును చంపడం నేరమని షేర్ అలీ ఏనాడూ అంగీకరించలేదు; శిక్ష పడిన నాటినుండే ఉన్నతపదవిలోనున్న ఒక ఐరోపీయుని చంపి పగతీర్చుకోవాలని నిశ్చయించుకొన్నాడు; ఆ ఉదయం వైస్రాయికి స్వాగతంగా ఫిరంగులు మ్రోగడం విని, తాను ఎదురుచూచిన సమయం వచ్చిందని గ్రహించాడు. ఈ వాంగ్మూలం పాలకుల కలం ద్వారానే మనకు అందిందన్న సంగతి మరువరాదు. షేర్ అలీని సామ్రాజ్యాధికారాన్ని ఎదిరించినవాడుగా గౌరవించేవారూ ఉన్నారు. ఆ తీర్పు చరిత్రకారులది. యోగ, బౌద్ధ శాస్త్రాలు అడిగే ప్రశ్న వేరు. దేశం, ఇల్లు, బంధువర్గం, పదవి, ఆస్తి అన్నీ పోయి, అయిదేళ్లకు దగ్గరగా వినయంతో బ్రతికిన మనిషి చిత్తంలో ఆ పగ ఎక్కడ ఉండినది? ఏ రూపంలో ఉండినది?

ఈ ప్రశ్న క్షురకుని ఒక్కనికే సంబంధించినది కాదు. నేటి యోగశిక్షణ తరగతులలో "వదిలివేయండి" అన్న మాట తరచుగా వినిపిస్తున్నది. శ్వాస విడిచినంత సులువుగా రాగద్వేషాలను విడువవచ్చునన్న భావం ఆ మాట వెనుక ఉన్నది. ఒక గంట ప్రశాంతంగా కూర్చొన్నవాడు తాను దేనినో విడిచినట్లే భావిస్తాడు. ఖైదీల వలసను నడిపిన అధికారులూ కొన్ని సంవత్సరాల సత్ప్రవర్తనను చూచి అలాగే భావించారు. ఇరువురి కొలబద్ద ఒకటే: పైకి కనిపించనిది లేదని ఎంచడం.

పతంజలి ఈ కొలబద్దను అంగీకరించడు. సాధనపాదంలో అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం అనే అయిదు క్లేశాలను చెప్పిన వెంటనే, వాటి స్వరూపాన్ని వివరించడానికి ముందే, అవిద్య తక్కిన నాలుగింటికి పొలం వంటిదనీ, అందులో అవి నాలుగు స్థితులలో ఉంటాయనీ అంటాడు. ప్రసుప్తం, అంటే నిద్రించునది. తనువు, అంటే పలుచబడినది. విచ్ఛిన్నం, అంటే నడుమ నడుమ తెగినది. ఉదారం, అంటే పూర్తిగా విజృంభించినది. లోకం క్లేశమని గుర్తించేది ఈ చివరిదానినే. కోపం వచ్చినవాడినే కోపిష్ఠి అంటాం. పతంజలి లెక్కలో అది నాలుగింట ఒక వంతు మాత్రమే.

వ్యాసభాష్యం ఈ నాలుగింటిని ఓపికతో విడమరుస్తుంది. ప్రసుప్త క్లేశం శక్తిమాత్రంగా, విత్తనంగా చిత్తంలో ఉంటుంది. తనకు తగిన ఆలంబనం ఎదురైనపుడు మేలుకొంటుంది. విచ్ఛిన్న క్లేశం తెగి తెగి మళ్లీ అదే రూపంలో తలయెత్తుతుంది. ప్రేమ పొంగుతున్న వేళ కోపం కనిపించదు గనుక కోపం లేదనరాదు. చైత్రుడు ఒక స్త్రీయందు అనురక్తుడైనంత మాత్రాన ఇతర స్త్రీలయందు విరక్తుడని అర్థం కాదన్న భాష్యకారుని ఉదాహరణలో కొంత హాస్యమూ ఉన్నది. హోప్ టౌన్ క్షురకుని చిత్తానికి ఈ రెండు మాటలూ వర్తిస్తాయి. పని చేసుకొంటూ, తోటివారితో మాట్లాడుతూ ఉన్న గంటలలో అతని ద్వేషం విచ్ఛిన్నం. ఫిరంగి మ్రోత దానికి ఆలంబనం.

తరువాతి సూత్రాలలో రాగానికి, ద్వేషానికి చెప్పిన లక్షణాలు బౌద్ధ పాఠకుని దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షిస్తాయి. సుఖాన్ని అనుశయించేది రాగం, దుఃఖాన్ని అనుశయించేది ద్వేషం. అనుశయించడమంటే వెంటనంటి పడుకొని ఉండడం. అనుభవం ముగుస్తుంది, దాని ప్రక్కన పడుకొన్నది మిగులుతుంది. అనుభవించిన దుఃఖాన్ని తలచుకొన్నవానికి ఆ దుఃఖంపై గాని, దానికి సాధనమైనదానిపై గాని కలిగే ప్రతిఘాతాన్ని భాష్యకారుడు ద్వేషమంటాడు. దానికి పర్యాయంగా చెప్పిన మాటలలో జిఘాంస ఒకటి, అంటే చంపాలన్న కోరిక. ప్రతిఘం మరొకటి.

ఈ 'ప్రతిఘ', 'అనుశయ' శబ్దాలు రెండూ పాళీ వాఙ్మయంలో పక్కపక్కనే కనిపిస్తాయి. కామరాగం, పటిఘం, దిట్ఠి, విచికిచ్ఛ, మానం, భవరాగం, అవిజ్జ అని సుత్తపిటకం ఏడు అనుసయాలను లెక్కిస్తుంది. మజ్ఝిమనికాయంలోని మహామాలుంక్య సుత్తంలో బుద్ధుడు వీటి స్వభావాన్ని ఒక పసికందు ఉదాహరణతో చూపుతాడు. వెల్లకిల పడుకొన్న శిశువుకు 'నేను' అన్న భావమే లేదు, ఇక తానే సర్వస్వమన్న దృష్టి ఎక్కడినుండి వస్తుంది? ఇంద్రియ సుఖమంటే ఏమో తెలియదు, కామరాగం ఎలా కలుగుతుంది? అయినా వాటి అనుసయం ఆ శిశువులో పడుకొనే ఉన్నది. క్లేశం మనస్సును ఆక్రమించినపుడే సంకెల అవుతుందని తలచిన మాలుంక్యపుత్తుని తప్పును బుద్ధుడు ఇలా సరిదిద్దాడు.

అదే నికాయంలోని కకచూపమ సుత్తంలో వేదేహిక కథ ఉన్నది. శ్రావస్తిలో వేదేహిక అనే గృహిణికి సౌమ్యురాలని మంచి పేరు. ఆమె దాసి కాళి చురుకైనది, పనిమంతురాలు. మా అమ్మగారికి కోపమే లేదా, లేక నేను పని సక్రమంగా చేయడంవల్ల బయటపడడం లేదా అన్న సందేహం కాళికి కలిగింది. ఒకనాడు ఆలస్యంగా లేచింది. యజమానురాలు కనుబొమలు ముడిచింది. మరునాడు ఇంకా ఆలస్యం చేసింది, మాట పరుషమయింది. ఆ తరువాతి రోజు వేదేహిక తలుపు గడియ తీసుకొని కాళి తల పగులగొట్టింది. ఆమె సౌమ్యత అంతవరకు నటన అనలేము. ఆమెకే తెలియని దానిని దాసి పరీక్షించి చూచింది, అంతే. ఆ పరీక్షకు కాళి తన తలను పణంగా పెట్టవలసి వచ్చిందన్నది వేరే సంగతి. సుత్తం కాళిని తప్పుపట్టదు.

ఇక్కడివరకు యోగ, బౌద్ధాలకు భేదం స్వల్పం. అసలు వివాదం బౌద్ధులలోనే పుట్టింది. దానిలో ఒక పక్షం ఆంధ్రదేశానిది కావడం తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగించే విషయం.

అశోకుని కాలపు సంగీతిలో మొగ్గలిపుత్త తిస్సథేరుడు కూర్చాడని సంప్రదాయం చెప్పే కథావత్థు గ్రంథం, థేరవాదులు అంగీకరించని అనేక వాదాలను ప్రశ్నోత్తర రూపంలో పరీక్షిస్తుంది. ఏ వాదం ఎవరిదో మూలంలో లేదు. అట్ఠకథ పేర్లు చెబుతుంది. పుబ్బసేలియులు, అపరసేలియులు, రాజగిరికులు, సిద్ధత్థికులు అనే నాలుగు నికాయాలను కలిపి అట్ఠకథ 'అంధకులు' అంటుంది. వీరు కృష్ణాతీరపు శిలాశాసనాలలో మనకు పరిచితులే. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజకుటుంబపు చాంతిసిరి మహాచైత్యాన్ని కట్టించినపుడు, ఆ దానాన్ని స్వీకరించినవారు అపరమహావినసేలియులు.

ఈ అంధకులు అనుసయాన్ని గురించి రెండు మాటలు అన్నారు. మొదటిది: అనుసయం వేరు, పరియుట్ఠానం వేరు. పరియుట్ఠానమంటే క్లేశం పైకి లేచి మనస్సును ముట్టడించడం. పతంజలి ఉదారమన్న స్థితికి దగ్గరిది. వీరి హేతువు సరళమైనది. సామాన్యుడు దానం చేస్తున్నపుడో, ఉదాసీనంగా కూర్చొన్నపుడో అతనిని అనుసయం గలవాడనవచ్చునా? అనవచ్చును. క్లేశం ముట్టడించినవాడనవచ్చునా? అనరాదు. కనుక రెండూ ఒకటి కావు. రెండవది మరింత సాహసోపేతమైనది. అనుసయం అనారమ్మణం, అంటే దానికి ఆలంబనం లేదు. పైకి లేచిన కోపం ఎవరో ఒకరిమీది కోపం. నిద్రించుచున్న కోపం ఎవరిమీదిదీ కాదు.

థేరవాదులు రెంటినీ త్రోసిపుచ్చారు. అనుసయానికి ఆలంబనం లేకపోతే అది రూపమా, నిర్వాణమా, చక్షురాయతనమా అని నిలదీశారు. బౌద్ధశాస్త్రంలో ఆలంబనం లేని ధర్మాలు అటువంటివి. కామరాగానికి ఆలంబనం ఉన్నపుడు కామరాగానుసయానికి లేదనడం ఎలా పొసగుతుందని అడిగారు. అంధకుల మొదటి హేతువును వారిమీదికే త్రిప్పారు: దానం చేస్తున్న సామాన్యుని రాగం గలవాడనీ అనవచ్చును కదా, అంతమాత్రాన రాగం వేరు, దాని ముట్టడి వేరు అంటారా? తర్కంగా ఇది గట్టి దెబ్బే. చిత్తధర్మం కానిది, విషయం లేనిది ఒకటి చిత్తంలో శాశ్వతంగా పడి ఉన్నదంటే, దొడ్డిదారిన ఆత్మను లోనికి తెచ్చినట్లవుతుందన్న భయం కూడా ఇందులో ఉండవచ్చును.

అయినా హోప్ టౌన్ రేవు దగ్గర నిలిచి చూస్తే అంధకుల మాటకు బలం కనిపిస్తుంది. షేర్ అలీకి శిక్ష పడినది 1867లో. మేయో వైస్రాయిగా పదవి చేపట్టినది 1869 జనవరిలో. ఆ శిక్షతో అతనికి ఏ సంబంధమూ లేదు. న్యాయాధిపతి అతడు కాదు, సాక్షి కాదు. అపరాధి ఉన్నాడన్న సంగతి కూడా ఎరుగడు. భాష్యకారుడు చెప్పిన రెండు ఆలంబనాలలో, అంటే దుఃఖం, దుఃఖసాధనం అనేవాటిలో, మేయో ఏదీ కాడు. నిశ్చయించుకొన్నది ఒక ఉన్నతాధికారిని చంపాలని. ఎవరిని అన్నది ఖాళీ స్థలంగా మిగిలింది. ద్వేషం ముందు పుట్టింది, ద్వేషింపబడవలసినవాడు అయిదేళ్ల తరువాత ఓడలో వచ్చాడు. ఆ ఖాళీ స్థలాన్ని అంధకులు అనారమ్మణమన్నారనుకొంటే, వారి వాదం వట్టి శుష్కతర్కం కాదని తెలుస్తుంది.

వసుబంధువు అభిధర్మకోశం అయిదవ ప్రకరణంలో ఈ చర్చను మరల ఎత్తుకొని, సౌత్రాంతికుల పేర ఒక మధ్యమార్గం చూపాడు. నిద్రించు క్లేశం అనుశయం, మేల్కొన్న క్లేశం పర్యవస్థానం. నిద్ర అంటే పైకి రాక విత్తనంగా వెంటనంటడం. అది వేరొక ద్రవ్యం కాదు, ఫలమివ్వగల సామర్థ్యం మాత్రమే. వ్యాసభాష్యంలోని ప్రసుప్త క్లేశ వర్ణనతో దీనిని పోల్చి చూస్తే, రెండు సంప్రదాయాలు ఎంత దగ్గరగా కూర్చొని మాట్లాడుకొన్నాయో అర్థమవుతుంది. నిద్ర, విత్తనం, మేలుకొలుపు అన్న ఉపమానాలన్నీ ఉమ్మడివి.

ఇంతకూ విత్తనం ఏమి కావాలి? పొలంలో నీరు లేనంతకాలం మొలవని విత్తనం చచ్చిన విత్తనం కాదు. సమాధిపాదంలో విదేహులు, ప్రకృతిలయులు అనే సాధకులను గురించి వచ్చినపుడు వాచస్పతి మిశ్రుడు ఒక కప్పను ఉదాహరించాడు. వానలు వెనుకబట్టినపుడు కప్ప దేహం మట్టిలో మట్టి అవుతుంది. తిరిగి మేఘం కురిసినపుడు మళ్లీ కప్ప అవుతుంది. వీరు సామాన్య సాధకులు కారు. స్థూలదేహాన్ని, విషయాలను దాటి, కైవల్యం వంటి స్థితిలో దీర్ఘకాలం ఉన్నవారు. వారికి కూడా తొలకరి ఉన్నది. ఒక గంట ధ్యానం చేసి రాగం విడిచిందనుకొనేవానికి ఈ కప్పను గుర్తుచేయవలసి ఉంటుంది.

అందువల్లనే భాష్యం నాలుగు స్థితులకు వెలుపల అయిదవదానిని చెప్పింది. వివేకఖ్యాతి పొందిన యోగిలో క్లేశం వేగిన విత్తనం వంటిది. విషయం ఎదుట నిలిచినా మొలకెత్తదు. నిద్రించు విత్తనానికి, వేగిన విత్తనానికి చూపులో తేడా లేదు. రెండూ మొలవక పడి ఉంటాయి. తేడా నీరు పడినపుడు తెలుస్తుంది. ఖైదీల వలసాధికారులను ఈ విషయంలో మరీ నిందించనక్కరలేదు. పైనుండి చూచి చెప్పడం ఎవరికైనా కష్టమే.

లోపలినుండి చూచేవానికి మాత్రం శాస్త్రం కొన్ని గుర్తులు చెప్పింది. వైరాగ్యం ఒక్క అంగలో రాదని, దానికి నాలుగు మెట్లున్నాయని వాచస్పతి తత్త్వవైశారదిలో వివరిస్తాడు. రాగాదులు చిత్తానికి పట్టిన కషాయాలు, కరుడుగట్టిన మరకలు. అవి ఇంద్రియాలను విషయాలవైపు తోయకుండా వాటిని పక్వం చేయడానికి పూనుకోవడం యతమానం. కొంతకాలానికి కొన్ని పక్వమవుతాయి, కొన్ని కావు. పక్వమైనవి ఏవి, కావలసినవి ఏవి అని వేరుచేసి చూచుకోవడం వ్యతిరేకం. ఇంద్రియాలను కదిలించే శక్తి పోయినా, మనస్సులో ఔత్సుక్యమాత్రంగా మిగిలి ఉండడం ఏకేంద్రియం. ఆ ఔత్సుక్యం కూడా పోయి, విషయం చేరువలో ఉన్నా ఉపేక్ష నిలిచి ఉండడం వశీకారం. పతంజలి వైరాగ్యమని సూత్రీకరించినది ఈ నాలుగవదానినే.

వీటిలో మూడవ మెట్టు మిక్కిలి ప్రమాదకరమైనది. చేయి కదలదు, కన్ను చెదరదు. నడవడిలో దోషం వెదకినా దొరకదు. సాధకుడు తనను తాను విరక్తుడనుకోవడానికి కావలసిన సాక్ష్యమంతా సిద్ధంగా ఉంటుంది. మనస్సు ఒక్కటే ఎదురుచూస్తూ ఉంటుంది. క్షురకుని అయిదేళ్ల వినయం సాధన కాదు గనుక దానిని ఏకేంద్రియమనడం సాహసం. కాని బాహ్యలక్షణాలలో ఆ రెంటినీ విడదీయడం సులభం కాదు.

రెండవ మెట్టు, వ్యతిరేకం, చిన్నదిగా కనిపించినా సాధన నిలిచేది దానిమీదనే. అది విడువడం కాదు, లెక్క చూచుకోవడం. ధనాశ తగ్గింది, మెప్పు మీది ఆశ తగ్గలేదు. పరాయివానిపై కోపం తగ్గింది, పొలం గట్టు జరిపిన అన్నపై తగ్గలేదు. ఆ అన్న పేరు విన్నపుడు లోపల ఏమి కదిలిందో గమనించకుండా మైత్రీభావన చేసినవాడు, తనకు శత్రుత్వం లేని కోట్ల ప్రాణులకు శుభం కోరి లేచిపోతాడు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలను యోగసూత్రమూ చెప్పింది, బ్రహ్మవిహారాలని బౌద్ధమూ చెప్పింది. శత్రువు విషయంలో మనస్సు మొరాయించి, పగ పైకి వచ్చినపుడు దానిని ఎలా దాటాలో బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో పలు ఉపాయాలు వరుసగా చెబుతాడు. ఒకటి పనిచేయకపోతే మరొకటి. చివరకు ఆ శత్రువుకు ఏదైనా దానమివ్వమంటాడు. ఇన్ని ఉపాయాలు చెప్పవలసి రావడమే ద్వేషం ఎంత మొండిదో తెలుపుతుంది.

విసుద్ధిమగ్గం తొలి ప్రకరణంలోనే ఈ పనిని మూడంచెలుగా విభజించారు. క్లేశం మాటగా, చేతగా హద్దు మీరడాన్ని శీలం ఆపుతుంది. మనస్సును ముట్టడించడాన్ని సమాధి ఆపుతుంది. అనుసయాన్ని ప్రజ్ఞ మాత్రమే పెరికివేస్తుంది. అంధకులతో ఎంత వాదించినా, అడుగున పడి ఉన్నదానికి వేరే చికిత్స కావాలన్న విషయంలో థేరవాదులకూ సందేహం లేదు. యోగంలో క్రియాయోగం క్లేశాన్ని పలుచన చేస్తుంది. ధ్యానం దాని స్థూలవృత్తులను అణచుతుంది. వేగిన బీజప్రాయమైన సూక్ష్మరూపం చిత్తం తన మూలంలోనికి తిరిగి లయించినపుడు దానితోపాటే అస్తమిస్తుంది. ఇక్కడ మాత్రం రెండు మార్గాలు విడిపోతాయి. చిత్తానికి వేరుగా పురుషుడున్నాడని తెలియడంవల్ల యోగికి గుణాలన్నిటియందు విరక్తి కలుగుతుంది. బౌద్ధునికి ఆ పురుషుని పట్టుకోవడం కూడా పట్టుకోవడమే; నాలుగు ఉపాదానాలలో ఆత్మవాదోపాదానం ఒకటి.

పనిలో మెలకువను గురించి మాత్రం రెండు పక్షాలూ ఒకే వస్తువును ఉదాహరించాయి: ఉతకవలసిన గుడ్డ. పైపైన ఉన్న మురికి దులిపితే పోతుందనీ, లోపలి మురికికి ప్రయత్నమూ ఉపాయమూ కావాలనీ వ్యాసభాష్యం అంటుంది. క్లేశాల స్థూలవృత్తులు చిన్న శత్రువులు, సూక్ష్మవృత్తులు పెద్ద శత్రువులు. సంయుత్తనికాయంలో ఖేమక భిక్షువు దానికి మరొక మాట చేరుస్తాడు. కోశాంబిలో ఘోషితారామంలోని స్థవిరులు, వ్యాధితో మంచంపట్టి బదరికారామంలో ఉన్న ఖేమకుని క్షేమం కనుగొనడానికి దాసకుడనే భిక్షువును పంపారు. పంచస్కంధాలలో దేనినైనా నేను అనుకొంటున్నావా అని స్థవిరులు అడిగించారు. లేదని ఖేమకుడు చెప్పిపంపాడు. అలాగయితే నీవు అర్హంతుడవే కదా అని మళ్లీ అడిగించారు. కాననీ, స్కంధాలలో ఏ ఒక్కటీ నేను కాదని తెలిసినా 'నేనున్నాను' అన్నది ఇంకా పోలేదనీ అతడు చెప్పిపంపాడు. అది ఏమిటని తిరిగి అడిగించారు. దాసకుడు ఆ రెండు ఆరామాల నడుమ అటూ ఇటూ తిరిగి అలసిపోయాడు. చివరకు ఖేమకుడు, ఈ పరుగులు చాలునని, చేతికర్ర ఊతంగా తానే నడిచి వచ్చాడు.

మురికిబట్టను చాకలి క్షారంతో, గోమయంతో ఉతికి, మంచినీట జాడించాడనుకోండి, అన్నాడు. బట్ట శుభ్రమే, అయినా ఉతికిన పదార్థాల వాసన దానిలో ఇంకా ఉంటుంది. యజమాని దానిని పరిమళం గల పెట్టెలో పెడతాడు, మెల్లగా ఆ వాసనా పోతుంది. మురికి పోయిన తరువాత మిగిలినది మురికి కాదు, శుద్ధిచేసినదాని వాసన. ఖేమకుడు ఈ మాటలు వివరిస్తుండగానే విన్న స్థవిరులు అరువదిమంది చిత్తం ఆసవాలనుండి విముక్తమైందనీ, వారితోపాటు ఖేమకుని చిత్తమూ విముక్తమైందనీ సుత్తం ముగుస్తుంది.